డ్రోన్ రొద: డెసిబెల్ లెక్కకు అందని చికాకు

2018లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని బోనిథన్ అనే నివాసప్రాంతంలో వింగ్ సంస్థ డ్రోన్లతో ఇళ్లకు సరుకులు చేరవేసే ప్రయోగం చేపట్టింది. పెరటి మీద గాలిలో ఆగి, తాడుతో పొట్లాన్ని దించి వెళ్లే ఈ యంత్రాల రొదపై పలువురు నివాసులు ఫిర్యాదు చేశారు. 2019లో స్థానిక శాసనసభా సంఘం విచారణ జరిపింది. రోడ్డు మీది కారును సహించే మనిషికి డ్రోన్ ఎందుకు దుస్సహమవుతున్నది?

కారణం ధ్వని తీవ్రతలో కంటె దాని స్వభావంలో ఎక్కువగా ఉంది. నిమిషానికి 6000 సార్లు తిరిగే రెండు రెక్కల ప్రొపెల్లర్ సెకనుకు 200 సార్లు గాలిని కొడుతుంది. ఆ 200 హెర్ట్జ్‌ల మూలస్వరానికి దాని గుణిజాలైన పైస్వరాలు, మోటారు కీచుధ్వని తోడై, మన చెవి అత్యంత సున్నితంగా స్పందించే 2000–5000 హెర్ట్జ్‌ల పరిధిని తాకుతాయి. పైగా గాలి తాకిడికి నిలదొక్కుకొనేందుకు ఒక్కొక్క ప్రొపెల్లర్ వేగం క్షణక్షణమూ మారుతుంది. స్వరం నిలకడగా ఉండదు కనుక, ఇంట్లో ఫ్యాను చప్పుడును మరచిపోయినట్లు దీనిని మరచిపోవడం కష్టం.

2017లో నాసా పరిశోధకులు 38 మందికి డ్రోన్ల, రోడ్డు వాహనాల ధ్వనులను వినిపించారు. తీవ్రత సమానమైనప్పటికీ డ్రోన్లే ఎక్కువ చికాకు కలిగించాయి. ఆ తేడా, కారు సగం దూరానికి దగ్గరైతే కలిగే తేడాతో దాదాపు సమానం. డ్రోన్ నెమ్మదిగా కదులుతూ ఎక్కువసేపు వినిపించడం కూడా ఇందుకు ఒక కారణం కావచ్చునని వారు భావించారు.

పరిసరాల ప్రభావమూ తక్కువది కాదు. బ్రిటన్ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రద్దీ వీధుల్లో డ్రోన్ రొద వాహనాల హోరులో చాలావరకు కలిసిపోతుంది. ప్రశాంత ప్రదేశాల్లో మాత్రం చికాకు అనేక రెట్లు పెరుగుతుంది. అందువల్ల డ్రోన్లను రద్దీ రహదారుల మీదుగా నడపవచ్చునన్న సూచన వచ్చింది. ఇప్పటికే హోరులో బతుకుతున్నవారి నెత్తినే మరికొంత మోపడం న్యాయమా అన్నది వేరే ప్రశ్న.

మన దేశపు 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతాల పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు. ఇవి సగటు విలువలు. ఒక ఇంటివద్ద గంటకు ఐదు డ్రోన్లు, ఒక్కొక్కటి నిమిషంపాటు 65 డెసిబెల్ల స్థాయిలో వినిపించాయనుకుందాం. వేరే చప్పుడేదీ లేదనుకుంటే సగటు సుమారు 54 డెసిబెల్లు మాత్రమే. ఉదయం ఆరు నుండి రాత్రి పది వరకు ఎనభై డ్రోన్లు నెత్తిమీద తిరిగినా, కొలత పరికరం లెక్కలో ఆ ఇల్లు పరిమితికి లోబడే ఉంటుంది.