పిడికెడు గింజలు... పంచుకుంటేనే పదిలం

"ఇంకా ఎంతసేపు ఆ కుండీల దగ్గర?" ఈ మాట మీ ఇంట్లోనూ వినిపిస్తుంటుందా? అయితే మీరూ మాలాంటివారే! వంటిల్లు సర్ది, పిల్లల్ని బడికి పంపాక మిగిలే అరగంటలో ఇల్లాలు తనకంటూ ఏదైనా చేసుకుంటే దానికి ఇంట్లోవాళ్లు పెట్టే పేరు 'కాలక్షేపం'. అదే కాలక్షేపాన్ని నలుగురితో పంచుకుని చూడండి. విద్య అవుతుంది. ఒక్కోసారి ఆస్తి కూడా అవుతుంది.

మా వీధిలో అలాంటివాళ్లం ఐదుగురం ఉన్నాం. రిటైరైన టీచరుగారు, బ్యాంకులో పనిచేసే అమ్మాయి, ఇంట్లోనే జాకెట్లు కుట్టే ఆవిడ, ఓ పెద్దావిడ, నేను. శనివారం సాయంత్రం ఎవరో ఒకరి డాబా మీద కలుస్తాం. అధ్యక్షులూ కార్యదర్శులూ లేరు. చందా అంతకన్నా లేదు. ఇంత టీ, కాసిని గింజలు, బోలెడు కబుర్లు. అంతే!

పువ్వు రాని పాదు

బ్యాంకు అమ్మాయి ఆషాఢంలో నాటు చిక్కుడు పెట్టింది. వినాయక చవితి వెళ్లిపోయినా ఒక్క పువ్వూ లేదు. "ఆకులు తప్ప ఏమీ లేవు టీచరుగారూ, పీకేస్తాను" అంది. "తొందరపడకమ్మా, పొద్దు తగ్గనీ" అన్నారావిడ. నాటు చిక్కుడు పగటిపొద్దు తగ్గితేనే పూతకొస్తుంది. ఎన్ని ఎరువులేసినా అంతకుముందు ఆకులే. కార్తీకంలో ఆ పాదు గెలలు గెలలుగా పూసింది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే మన ఆచారంలో ఆ కాలం లెక్క ఎప్పటినుంచో ఉంది. చెప్పేవాళ్లు పక్కన లేకపోతే మాత్రం పాదు చెత్తకుప్పలోకే!

సొరపాదుకూ ఇలాంటి రహస్యమే ఉంది. దాని తెల్లటి పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. పట్నంలో, అందునా పై అంతస్తుల్లో, పువ్వుల మీద వాలే పురుగులు తక్కువ. అందుకే పిందెలు పసుపురంగుకు తిరిగి రాలిపోతుంటాయి. అలాంటప్పుడు దీపాలవేళ ఒక మగపువ్వు తుంచి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. గుమ్మడికైతే ఈ పని తెల్లవారగానే చెయ్యాలి.

పోయిందనుకున్న విత్తనం

మా పెద్దావిడ పెళ్లయిన కొత్తలో పుట్టింటి నుంచి ఊదారంగు చిక్కుడు గింజలు తెచ్చుకున్నారు. ఏటా పందిరి వేసేవారు. పిల్లలు స్థలం బిల్డరుకిచ్చారు. పందిరి తీసేశారు. రెండేళ్లు అద్దె ఇంట్లో ఉండి తిరిగొచ్చేసరికి సీసాలో గింజలన్నీ పుచ్చిపోయాయి. పుట్టింట అమ్మ లేదు, పెరడూ లేదు. "గింజలే కదమ్మా, బజార్లో కొంటాను" అన్నాడు కొడుకు. ఆవిడ ఏమీ మాట్లాడలేదు.

ఆ శనివారం జాకెట్లు కుట్టే ఆవిడ కొంగుముడి విప్పి పిడికెడు గింజలు ఆవిడ చేతిలో పోసింది. "మూడేళ్ల కిందట మీరిచ్చినవే పిన్నిగారూ, మా రేకుల షెడ్డు మీద కాస్తూనే ఉన్నాయి" అంది. దాచుకున్నవి పోయాయి, పంచినవి మిగిలాయి!

ఇది డాబా తోటల ముచ్చట మాత్రమే కాదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత రైతులు, కొర్రలు, సామలు, జొన్నల పాత విత్తనాలను ఇలాగే ఇళ్లల్లో నిలుపుకుని, ఒకరికొకరు ఇచ్చుకుంటూ కాపాడారు. 2019లో వారికి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. వాళ్లకది బతుకుతెరువు, మనకు సరదా. సూత్రం మాత్రం ఒకటే.

మీరూ మొదలుపెడతారా?

* విత్తనానికి మొదటి కాపులో మంచి కాయలు రెండు వదిలెయ్యండి. సొర, బీర తీగ మీదే పూర్తిగా ఎండాలి.
* హైబ్రిడ్ కాయల గింజలు దాచకండి. మళ్లీ అదే కాయ రాదు. నాటు రకమే ఎంచుకోండి.
* గింజల్ని నీడలో బాగా ఆరబెట్టి, పొడి బూడిద కలిపి, తడిలేని సీసాలో పొయ్యండి. పేరు, నెల, సంవత్సరం రాసి అంటించండి.
* డాబా మీద బరువు కుండీలు నడిమధ్య వద్దు. దూలాలు, గోడలు ఉన్న వైపు, ఇటుకల మీద పెట్టండి.
* అన్నిటికంటే ముఖ్యం, ప్రతి రకం కనీసం ఇద్దరికి ఇవ్వండి.

మొక్కలే కానక్కర్లేదు. ముగ్గులు, అల్లికలు, ఊరగాయలు, మీకు ఏది సరదా అయితే అదే. ఇద్దరు దొరికినా చాలు. ఈసారి ఇంట్లో "ఎంతసేపు?" అని అడిగితే, "శనివారం మావాళ్లొస్తున్నారు, ఇంకాస్త పని ఉంది" అని చెప్పండి!