పూజ ముగిశాక

క్యాథలిక్కులు ఆదివారం గుడిలో చేసే ఆరాధనను తెలుగులో ‘పూజ’ అంటాం. ఇంగ్లీషులో ‘మాస్’. ఆ పేరు పూజ చివర్లో వచ్చే లాటిన్ మాట ‘ఇతె, మిస్సా ఎస్త్’ నుంచి వచ్చింది. ‘మిస్సా’ అంటే సెలవిచ్చి పంపడం. అంత పెద్ద ఆరాధనకు, చివర్లో ఇంటికి పంపే మాటే పేరైంది! 2008లో పోప్ 16వ బెనెడిక్ట్ ఈ చివరి మాటకు కొత్త రూపాలు కొన్ని చేర్చారు. వాటిలో ఒకదాని భావం: మీ బతుకుతోనే దేవుణ్ణి మహిమపరుస్తూ వెళ్ళండి.

పరగోడు నుంచి మేము పోయే గుడిలో పూజ కన్నడంలో జరుగుతుంది. మా అవ్వకు తెలుగు తప్ప రాదు. మోకాళ్ళ నొప్పులు, గుడిదాకా నడవలేదు. చెవులూ సరిగ్గా వినపడవు. నేను రాగానే “ఫాదరు ఏం చెప్పినారే?” అని అడుగుతుంది. అంతా తెలుగులోకి మార్చి గట్టిగా అరిచి చెప్పాలి. పోయిన ఆదివారం విసుగొచ్చి “ఏం లేదులే అవ్వా” అనేశాను. ఆమె మళ్ళీ అడగలేదు. జపమాల చేతికి తీసుకుంది.

నాకప్పుడు ‘మిస్సా’ అర్థమైంది. గుడి నన్ను పంపింది ఆ మంచం దగ్గరికే. ఈ ఆదివారం అవ్వ అడక్కముందే పక్కన కూర్చుని చెప్తాను.