పొరుగింటి పొగ

పొరుగింటి పొయ్యిపొగ మన యింటిలోనికి వచ్చి, తొట్టిలోని పసిబిడ్డ ఉక్కిరిబిక్కిరి యగుచుండగా మన మూరకుందుమా? “మా యింట మేము వండుకొనుచున్నాము, మీకేల?” యని వారన్నచో ఒప్పుకొందుమా? ఇల్లు వారిదే, కాని పొగ వారి గోడలోపల నిలువలేదు గదా! ఇండ్ల నడుమనున్న యీ ధర్మము దేశముల నడుమను కలదా యని మాకు చిరకాలముగ సందేహము. రాచకార్యములు మనకేల యని త్రోసివేయక, సోదరీమణులు కొంచె మోపికతో చదువ గోరుచున్నాము.

కెనడా దేశమున ట్రెయిల్ అను పట్టణమున సీసమును, తుత్తునాగమును కరగించు కర్మాగార మొకటి యుండెను. దాని గంధకపు పొగ సరిహద్దు దాటి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు పొలములను, అడవులను పాడుచేసెను. ఉభయ దేశములు నియమించుకొన్న మధ్యవర్తుల సభ 1938లోను, 1941లోను తీర్పులు చెప్పెను. తన నేలనుండి వెడలు పొగచే పరదేశమునకు తీవ్రమైన హాని కలుగనిచ్చు హక్కు ఏ దేశమునకును లేదని నిర్ణయించెను. కెనడా నష్టపరిహార మిచ్చుకొనెను.

అచట పొయ్యి యొకటి, పొరు గొకటి. నేటి చిక్కు వేరు. బొగ్గును, చమురును కాల్చగా పుట్టు బొగ్గుపులుసు వాయువు కంటికి కనబడదు. లోకమంతట కలసిపోయి భూమిని వేడెక్కించుచున్నది. పసిఫిక్ మహాసముద్రములోని వనువాటు అను చిన్న ద్వీపరాజ్యము విడిచిన పొగ లేశమాత్రమే. కాని సముద్రము దాని తీరమును క్రమ్ముచున్నది.

2019లో ఆ ప్రాంతపు న్యాయశాస్త్ర విద్యార్థులు 27 మంది, ఈ ప్రశ్నను ప్రపంచ న్యాయస్థానమునే యడుగవలెనని పూనిరి. వనువాటు వారి మాట చేకొనెను. 2023 మార్చి 29వ తేదీన ఐక్యరాజ్యసమితి ఆ ప్రశ్నను ఏకాభిప్రాయముతో హేగు నగరమునకు పంపెను. 2024 డిసెంబరులో మన దేశముతో గూడ 96 దేశములు వాదములు వినిపించెను.

2025 జూలై 23వ తేదీన న్యాయమూర్తులు ఏకగ్రీవముగ అభిప్రాయము చెప్పిరి. వాతావరణమును కాపాడుటకు తగిన శ్రద్ధ వహించుట ప్రతి దేశమునకును విధి. విధి తప్పిన దేశము ఆ పని మానవలెను. మరల చేయనని మాట యీయవలసి రావచ్చును. తన తప్పునకును నష్టమునకును గల సంబంధము రుజువైనచో పరిహారమును చెల్లింపవలెను. “అందరి పొయ్యిలును పొగ చిమ్ముచుండ నన్నేల యనెదరు?” అను మాట చెల్లదు.

అయినను ఇది సలహాయే కాని, కట్టి నడిపించు తీర్పు కాదు. అట్లయిన ప్రయోజన మేమని కొంద రనవచ్చును. విదురుని మాటకును దండబలము లేదు. విననందుకు ఫలమును కౌరవులు కుడువలేదా?

పూర్వము మిక్కిలి పొగ విడిచిన సంపన్న దేశములకే భారమెక్కువ యని మనవారు హేగులో వాదించిరి. అది న్యాయమే. తలకు పంచినచో మన పొగ లోకపు సగటుకంటె తక్కువ. కాని ఏటి మొత్తమున మనది మూడవ స్థానము. పెద్దకోడలు నూనె యొలుకబోసెనని చిన్నకోడలు తన చేతికుండను వంచునా? పరుల తప్పు నడుగు నోటితోనే మన వంతును ఒప్పుకొనుట గృహధర్మము. దేశధర్మమును అంతకంటె వేరు కాదని మా తలంపు.