పలుకుతుందా, లేదా: పింగ్ కథ

1983 డిసెంబరులో, అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో ఉన్న సైనిక బాలిస్టిక్ పరిశోధనశాలలో కంప్యూటర్ల నెట్‌వర్క్ వింతగా ప్రవర్తించసాగినప్పుడు, లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి మైక్ మ్యూస్ ఒక చిన్న ప్రోగ్రాం రాయడానికి పూనుకున్నారు. దానికి ఆధారం అప్పటికే సిద్ధంగా ఉంది. నెట్‌వర్క్‌లోని యంత్రాలు తమ ఇబ్బందులను ఒకదానికొకటి తెలుపుకునే ఐసీఎంపీ అనే నిబంధనావళిని 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ ప్రచురించారు. అందులోని ‘ఎకో’ సందేశాన్ని అందుకున్న యంత్రం దాన్ని ఉన్నదున్నట్టు తిప్పి పంపాలి. నీటిలోకి ధ్వనిని పంపి ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గే సోనార్ పరికరం చేసే చప్పుడే ఈ ప్రోగ్రాముకు పేరైంది. విచిత్రమేమిటంటే, పింగ్ తన తొలి సందేశాన్ని పంపేలోపే సహోద్యోగి ఒకరు పరికరంలోని లోపాన్ని సరిచేసేశారు కనుక, ఏ పనికోసం పుట్టిందో ఆ పనికే అది అక్కరకు రాలేదు. బర్కిలీ యూనిక్స్‌లో చేరిన తరువాత మాత్రం దాదాపు ప్రతి కంప్యూటర్‌లోకీ పాకింది.

వైఫై గీతలన్నీ నిండుగా ఉన్నా ఒక్క వెబ్ పేజీ కూడా తెరుచుకోని ఇంటి కంప్యూటర్ దగ్గర పింగ్ విలువ తెలుస్తుంది. ఆ గీతలు కంప్యూటర్‌కూ, ఇంటిని బయటి నెట్‌వర్క్‌తో కలిపే రూటర్‌కూ మధ్య సంకేతం బలాన్నే చూపుతాయి తప్ప, రూటర్ అవతల సంగతి వాటికి పట్టదు. అందువల్ల పరీక్ష దగ్గరినుంచి దూరానికి సాగాలి. కంప్యూటర్ చిరునామా 169.254తో మొదలైతే, రూటర్ నుంచి చిరునామా అందక అది తనకు తానే ఒకటి తగిలించుకుందని అర్థం కాబట్టి అక్కడే ఆగాలి. లేకపోతే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ముందు 192.168.1.1 వంటి రూటర్ చిరునామాకు, తరువాత గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ పంపాలి. మొదటిది పలికి రెండోది పలకకపోతే లోపం చాలావరకు రూటర్‌లోనో, బయటి లైనులోనో ఉంటుంది. అంకెలు పలికి పేర్లు పలకకపోతే తప్పు డీఎన్‌ఎస్‌ది, అంటే వెబ్‌సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చే వ్యవస్థది. పింగ్‌కు ఒక్క నెల ముందు పాల్ మొకపెట్రిస్ ప్రతిపాదించిన ఈ వ్యవస్థ మొరాయిస్తే, దారి అంతా బాగున్నా ఇంటర్నెట్ పోయినట్టే కనిపిస్తుంది, అమరికలలో మరో డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామా రాస్తే చాలాసార్లు తిరిగి వస్తుంది.

అయితే జవాబు వచ్చినంతమాత్రాన అంతా సవ్యంగా ఉన్నట్టు కాదు. 65,535 బైట్ల పరిమితిని మించిన పింగ్‌ను ముక్కలుగా పంపి అవతలి యంత్రాన్ని కుప్పకూల్చే ‘పింగ్ ఆఫ్ డెత్’ 1996–97లో బయటపడ్డాక, పలువురు నిర్వాహకులు రాకపోకలను జల్లెడపట్టే ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీని పూర్తిగా ఆపేశారు. ఇది అతి జాగ్రత్త; ప్యాకెట్, అంటే సమాచారపు పొట్లం, మరీ పెద్దదని చెప్పే హెచ్చరిక కూడా ఐసీఎంపీలోనే ప్రయాణిస్తుంది. ఈథర్నెట్ 1,500 బైట్ల ప్యాకెట్‌ను మోస్తుంది గానీ, అనేక బ్రాడ్‌బ్యాండ్ లైన్లు వాడే పీపీపీఓఈ పద్ధతి అందులో 8 బైట్లు తనకు తీసుకుంటుంది. హెచ్చరిక దారిలోనే ఆగిపోతే పెద్ద ప్యాకెట్లు మళ్ళీమళ్ళీ బయలుదేరి మళ్ళీమళ్ళీ పోతుంటాయి, విండోస్ పంపే 32 బైట్ల పింగ్ మాత్రం హాయిగా వెళ్ళివస్తుంది. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో నిలిచిపోయే ఈ తంతును బయటపెట్టేదీ పింగే: ముక్కలు చేయవద్దన్న ఆదేశంతో పంపిన 1,472 బైట్ల పింగ్ తిరిగిరాక 1,464 బైట్లది తిరిగివస్తే, చిరునామాల వంటి వివరాలు మోసే హెడర్లకు 28 బైట్లు కలుపుకొని, రూటర్‌లో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని 1,492గా అమర్చాలి.