ధైర్యం పని వేరు, మందు పని వేరు

రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన ఇంటికి చుట్టాలు పళ్లు పట్టుకుని వచ్చి, "ధైర్యంగా ఉండమ్మా, సగం జబ్బు దానితోనే పోతుంది" అంటారు. నాతోనూ అన్నారు. ప్రేమతో అన్నదే, కాని ఆ మాటలో ఒక ముల్లుంది. రేపు జబ్బు తిరగబెడితే ఆ తప్పు ఆవిడ ధైర్యానిదే అవుతుంది కదా!

ఈ సంగతిని పరిశోధకులు పరీక్షించి చూశారు. 1989లో అమెరికాలో డేవిడ్ స్పీగెల్ అనే మానసిక వైద్యుడు ఒక ఫలితం ప్రకటించాడు. జబ్బు ముదిరిన స్త్రీలలో, వారం వారం కూడి మనసు విప్పి మాట్లాడుకున్నవారు మిగతావారికంటె ఎక్కువకాలం బతికారట. ఎందరికో ఆశ పుట్టింది. 2001లో కెనడాలో ఇంకా పెద్ద పరిశోధన జరిగింది. అందులో ఆయుష్షు పెరగలేదు. అయితే దిగులూ నొప్పీ తగ్గాయి. మొదట్లో ఎక్కువ కుంగినవారికే ఎక్కువ మేలు కలిగింది. నా మటుకు నాకు ఈ రెండో ఫలితమే ఊరటనిచ్చింది. ఏడ్చినంత మాత్రాన జబ్బు పెరగదన్నమాట.

మరి తట్టుకోగలనన్న నమ్మకం ఎలా వస్తుంది? ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1977లో దాని మూలాలు చెబుతూ, స్వయంగా చేసి నెగ్గిన పనికే మొదటి స్థానం ఇచ్చాడు. ఆపరేషన్ తర్వాత చెయ్యి పైకి లేవదు. గోడ మీద వేళ్లతో పాకించే వ్యాయామం నేర్పుతారు. నేను రోజూ అందినచోట పెన్సిలుతో గీత పెట్టేదాన్ని. ఆ గీతలు ఇచ్చిన బలం ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. నా జడ నేను అల్లుకున్న రోజు ఇంట్లో పాయసం వండాను.

రెండోది, మనలాంటివారిని చూడటం. చెన్నై ఆస్పత్రి బెంచీ మీద హోసూరు నుంచి వచ్చిన ఒక రైతు ఇల్లాలు నా పక్కన కూర్చుంది. మాటలో సగం తెలుగు, సగం అరవం. ఆపరేషన్ అయి ఆరేళ్లట. రవిక లోపల దూది కుక్కిన మెత్తటి సంచీ ఎలా కుట్టుకోవాలో చేత్తో కొలిచి చూపింది. "జుట్టు మళ్లీ వస్తుందిలే, నాకు ఉంగరాలు తిరిగి వచ్చింది" అని నవ్వింది.

పొగడ్త, ప్రోత్సాహం తర్వాతివి. వాటినీ కాదనను. కాని నిద్ర పట్టక, అన్నం సయించక, దేనిమీదా మనసు నిలవక రెండు వారాలు దాటితే దాన్ని పిరికితనం అనుకోకండి. డాక్టరుకు చెప్పండి. దానికీ వైద్యం ఉంది.

పరామర్శకు వెళ్లేవారికి ఒక్క మనవి. మా ఎదురింటి పిన్నిగారు నాకు ధైర్యం చెప్పలేదు. "మంగళవారం కీమోకి నేను తోడొస్తాను, పిల్లలకు క్యారియర్ నేనే కడతాను" అన్నారు, అంతే. ఆరు మంగళవారాలు వచ్చారు.