పెరటి మొక్కల ఎన్నిక - ఇంటర్నెట్టు పట్టికల సాయము

తొలకరి దగ్గరపడినకొద్దీ సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు ఎరువుల సంగతి, అప్పుల సంగతి మాటలాడిన పిమ్మట, లేచిపోవునపుడు ఒక ప్రశ్న అడుగుట వాడుక: "ఇంటి వెనుక రెండు సెంట్ల దొడ్డి ఊరక పడియున్నది, ఏ మొక్క పెట్టుదుము?" పూర్వము ఈ ప్రశ్నకు ఊరిపెద్దలును, మొక్కలమ్మువారును ఉత్తరము చెప్పుచుండిరి. నేడు ఇంచుమించు ప్రతి యింటను సెల్‌ఫోను గలదు. లోకమునందలి మొక్కలను పేరు పేరున వ్రాసి, వాని స్వస్థలము, గుణము, కావలసిన నేల, నీరు మున్నగు సంగతులను చేర్చి, ఎవరైనను ఉచితముగా చూచుకొనునట్లు ఇంటర్నెట్టులో నుంచిన పెద్ద పట్టికలు గలవు. వీనినే డేటాబేసులందురు. మన రైతులలో పెక్కురు వీనిని చూచుటలేదు. చూచినవారిలో కొందరు తప్పుగా చూచుచున్నారు. ఈ రెండు తెగలలోను నేనుండి నష్టపడితిని గనుక ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

2018వ సంవత్సరమున ఒక నర్సరీనుండి నలువది శ్రీగంధపు మొక్కలు తెచ్చి దొడ్డిచుట్టును వరుసగా నాటించితిని. అమ్మినవాడు "వీనికి నీరు పెద్దగా అక్కరలేదు, పదునైదేండ్లు ఓపిక పట్టుడు, చాలును" అనెను. నేనును ఓపిక పట్టితిని. పాదులలో గడ్డిపరక లేకుండ నెలకొకసారి చెక్కించితిని. ఆ శుభ్రతయే వానికి చేటు తెచ్చినది. రెండవ వేసవికి ఆకులు పసుపువారి, చివళ్లు ఎండి, ఒకటొకటిగా చచ్చినవి. కారణమేమనగా, శ్రీగంధము తన వేళ్లతో పొరుగు మొక్కల వేళ్లను పట్టుకొని వానినుండి నీటిని, లవణములను లాగుకొని బ్రదుకునట్టి చెట్టు. ఆకులు పచ్చగానుండుటచే తన ఆహారము కొంత తానే చేసికొనును గాని, తోడు లేనిదే నిలువదు. అందుచే మొదట కందివంటి దానిని ప్రక్కనే వేసి, తరువాత సరుగుడువంటి చెట్టును తోడుంచవలెను. ఇది రహస్యము కాదు. నైరోబీ నగరమున ప్రధాన కార్యాలయము గల ఐక్రాఫ్ అను వ్యవసాయ అటవీ పరిశోధన సంస్థవారి చెట్ల పట్టికలో శ్రీగంధము పేరు వెదకినచో రెండు నిమిషములలో కనబడును. నేను ఆ రెండు నిమిషములు వెచ్చింపనైతిని.

ఇక వెదకుట ఎట్లు? పట్టికను తెరచి "గన్నేరు" అని కొట్టినచో పని జరుగదు. మనము గన్నేరని పిలుచునవి ఎన్ని! ఎర్రనివి, తెల్లనివి పూచు గన్నేరు ఒకటి. పసుపు పూల పచ్చగన్నేరు వేరొకటి. దేవాలయముల యావరణలోనుండు దేవగన్నేరు ఇంకొకటి. కుండీలలో పెంచు బిళ్లగన్నేరు మరియొకటి. ఇవి ఒకే కుటుంబములోనివే యైనను నాలుగును నాలుగు వేరు ప్రజాతులు. మొదటి రెండింటి ఆకును మేకలు, పశువులు తిన్నచో ప్రాణాపాయము కలుగును. అట్లే ఎర్రచందనమునకును శ్రీగంధమునకును పేరులోనే పోలిక. ఎర్రచందనము కడప, చిత్తూరు ప్రాంతపు కొండలలో పుట్టినది, కందికిని చిక్కుడుకును చుట్టము. శ్రీగంధముతో దానికి బంధుత్వమే లేదు. కావున మొక్కకు శాస్త్రజ్ఞులు పెట్టిన రెండు మాటల పేరును ముందు పట్టుకొనవలెను. శ్రీగంధమునకు శాంటాలమ్ ఆల్బమ్, ఎర్రచందనమునకు టెరోకార్పస్ శాంటాలినస్. ఈ పేర్లను ఇంగ్లీషు అక్షరములలో కొట్టినపుడే ఏ దేశపు పట్టికయైనను సరియైన మొక్కను చూపును.

తెలుగు పేరును శాస్త్రీయ నామమును జతపరచుట మనకు క్రొత్త కాదని ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. 18వ శతాబ్దపు చివర సామర్లకోటలో నుండిన విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు మన తీరపు మొక్కలను సేకరించి, ఇచ్చటి చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. ఆ బొమ్మలు మూడు వందలు, మూడు సంపుటములుగ 1795 మొదలు లండనులో అచ్చయినవి. అందు చాలా మొక్కలకు తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరములలో నున్నవి. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అను ఇంటర్నెట్టు గ్రంథాలయమున ఆ సంపుటములను నేడు ఉచితముగా చూడవచ్చును. గోదావరి జిల్లాల సభ్యులు తప్పక ఒకసారి తెరచి చూడదగినవి.

పేరు తెలియని మొక్కకు ఉపాయమున్నది. ప్లాంట్‌నెట్ అనునది ఫ్రాన్సు దేశపు పరిశోధన సంస్థలు తయారుచేసినది. 2013 నుండి సెల్‌ఫోనులో వాడుకకు వచ్చినది. మొక్క ఫొటో నిచ్చిన అది పోలిన పేర్లను వరుసగా చూపి, ఏది ఎంతవరకు సరిపోయినదో శాతములలో చెప్పును. అది ఊహయే గాని తీర్పు కాదు. ఆకు ఒక్కటి తీసి పంపినచో తప్పు చెప్పుట తరచు. ఆకు, పూవు, కాయ, బెరడు వేరువేరుగా తీసి ఇచ్చిన నమ్మదగిన ఉత్తరము వచ్చును. సందేహమున్నచో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో ఆ ఫొటోలనుంచిన తెలిసినవారు సరిచూచి చెప్పుదురు.

పేరు దొరికిన పిమ్మట మొదట చూడవలసినది లండనులోని క్యూ ఉద్యానవనమువారు నడుపు ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్. ఇది ఆ పేరు నేడు చెల్లునా, పాతబడినదా అను సంగతి చెప్పును. మన కరివేపను చిరకాలము ముర్రయా కోనిగీ యనిరి, ఈ పట్టికలో అది బెర్గెరా కోనిగీ. సర్కారు తుమ్మ ప్రొసోపిస్‌గా నుండి 2022లో నెల్టుమా అయినది. పేరు మారినదని మొక్క మారలేదు. ఇతర పట్టికలలో వెదకునపుడు పాత పేరును, క్రొత్త పేరును రెండింటిని కొట్టి చూడవలెను. మరియు ఆ పట్టికలో ఒక ప్రపంచ పటము వచ్చును. ఆకుపచ్చ రంగున్న చోట మొక్క తనంతట పుట్టినది, ఊదారంగున్న చోట మనుష్యులు తెచ్చినది. ఈ పటమును నిదానముగా చూడుడు. మొక్క పుట్టిన చోట వాన యెట్టిది, ఎండ యెట్టిది అని యోచించిన సగము సంగతి దానంతట అదియే తెలియును.

ఇచ్చటనే మనవారు మోసపోవుచున్నారు. అమెరికా, ఇంగ్లండు దేశముల తోటపట్టికలు చూచుటకు ముచ్చటగా నుండును. సెయింట్ లూయిస్ నగరమునందలి మిస్సోరీ బొటానికల్ గార్డెన్‌వారి పట్టికలో పూవు రంగు, ఎత్తు, నీడ యని గుర్తులు పెట్టి వెదకవచ్చును. కాని ఆ దేశపు పట్టికలు ప్రతి మొక్కకును "జోన్" అని ఒక అంకె వేయును. అది చలికాలమున ఎంత చలికి మొక్క తాళునో చెప్పు అంకె మాత్రమే. మన మైదానములలో మొక్కను చంపునది చలియా? వైశాఖపు ఎండ, ఎండిన బావి. చలి లెక్కలో అనంతపురమునకును కోనసీమకును ఎక్కువ భేదము కనబడదు. వానలో నైతే అనంతపురమున సగటున ఏటికి 550 మిల్లీమీటర్లు, కోనసీమలో దానికి సుమారు రెట్టింపు. అట్లే "పూర్తి ఎండ కావలెను" అని ఇంగ్లండువారు వ్రాసినది వారి ఎండను గూర్చి. ఆ మాట నమ్మి పెరటిలో నాటిన పూలమొక్కలు మే నెలలో వరుగులగుట నేను చూచితిని.

మనకు పనికివచ్చునది ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థవారు తయారుచేసిన ఎకోక్రాప్ పట్టిక. ఇందు రెండు వేల అయిదు వందలకు పైగా మొక్కలకు వాన, వేడి, నేల పులుపు లెక్కలు గలవు. ప్రతిదానికి రెండు జతల అంకెలుండును: మొక్క సుఖముగా పెరుగు హద్దు ఒకటి, చావక బ్రదుకు హద్దు మరియొకటి. రెండవ జతను చూచి "మన నేలలోను వచ్చునట" అని సంతోషించి కొనువారున్నారు. వచ్చును, కాయదు. మొదటి జతలోపల మన అంకెలు పడినపుడే డబ్బు తీయుట మంచిది. ఇందుకై భూసార పరీక్ష చీటిని ప్రక్కన పెట్టుకొనుడు. పీహెచ్ అని యున్న అంకెయే నేల పులుపును తెలుపునది. వాన లెక్క ఏడాది మొత్తమునకు గనుక, జ్యేష్ఠము మొదలు కార్తికము వరకు కురిసి తక్కిన నెలలు ఎండగట్టు మన తీరును జ్ఞప్తియందుంచుకొని, బోరు నీరున్నచో దానిని కలుపుకొని చూడవలెను.

కంచె సంగతి వేరుగా చెప్పవలెను. ఇటీవల పట్టణపు వీధులలోను ప్రహరీల వెంటను పచ్చని గోడవలె పెరిగిన కోనోకార్పస్‌ను చూచి మన సభ్యులును దొడ్లకు తెచ్చుచున్నారు. అమ్మువారు ఒకే పేరు చెప్పుదురు గాని అందు రెండు జాతులున్నవి. ఒకటి అమెరికా, పశ్చిమ ఆఫ్రికా సముద్రతీరములది, రెండవది సోమాలియా, యెమెన్ ప్రాంతములది. దాని పుప్పొడివలన జబ్బులు, వేళ్లవలన గొట్టములకు చేటు కలుగుచున్నవని ఫిర్యాదులు వచ్చి, 2023లో గుజరాతు ప్రభుత్వము దానిని నాటగూడదని ఉత్తరువు చేసినది. అందముకొరకు తెచ్చిన పులికంప అడవుల నాక్రమించుటయు, గుర్రపుడెక్క చెరువుల పూడ్చుటయు మనమెరిగినవే. ఈ రెండును, సుబాబులును, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారి దుష్ట చొరబాటు మొక్కల పట్టికలో నున్నవి. క్రొత్త మొక్క ఏదైనను కొనుటకు ముందు ఆ పట్టికలో ఒకసారి వెదకుట ధర్మము. మన దొడ్డిలోని విత్తనము పొరుగువాని చేనిలో పడును. కంచెకు వాక్కాయ యున్నది గదా! ముల్లు గలది, ఈ దేశపుది, పచ్చడికి కాయ నిచ్చును. దాని పేరు కారిస్సా కరండాస్, వెదకి చూడుడు.

ఈ పట్టికలు చేయలేని పని యొకటి గలదు. ఇవి జాతిని చెప్పును గాని రకమును చెప్పవు. మామిడి యెట్టిదో క్యూవారు చెప్పగలరు. బంగినపల్లి అంటు మీ నల్లరేగడిలో నిలుచునా యని వారినడిగి లాభము లేదు. దానికి కృషి విజ్ఞాన కేంద్రమును, వెంకట్రామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయమును, తెలంగాణవారైనచో ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయమును అడుగవలెను.

నా నలువది శ్రీగంధములలో చివరకు పదకొండు మిగిలినవి. వాని మొదళ్లలో చెక్కుట మానిపించి కంది చల్లించితిని. మరుసటి యేడు నడుమ నడుమ సరుగుడు నాటించితిని. రెండు చచ్చినవి, తొమ్మిది తేరుకొన్నవి. నర్సరీకి పోవునపుడు ఇప్పుడు నా జేబులో చీటి యుండును: మొక్క శాస్త్రీయ నామము, దానికి కావలసిన వాన, తోడు, విషమున్నదా లేదా అను నాలుగు మాటలు. ఇంగ్లీషు చదువలేని సభ్యులకు వారి పిల్లలు ఈ చీటి వ్రాసి యియ్యగలరు. పేరు తెలియని మొక్కను చూపించుటకు తెచ్చువారు ఆకు ఒక్కటి కాక, పూవో కాయో గల రెమ్మను తడిగుడ్డలో చుట్టి తేవలెనని మనవి.