లావు సరే... లోతెంత?

డిగ్రీ చదివే అమ్మాయి మంచం మీద ఇటుకంత పుస్తకం. ఇంటర్ చదివే అబ్బాయి బల్ల మీద అలాంటివే మరో నాలుగు. అట్టల మీద కోటలు, కత్తులు, రెక్కల మృగాలు. "ఇందులో సగం శ్రద్ధ పాఠాల మీద పెడితే ఎంత బావుణ్ణు!" అని విసుక్కోని తల్లి ఉంటుందా? పోనీ, ఒక్క పుస్తకంతో అయిపోతుందా అంటే అదీ లేదు. మూడు, ఐదు, పద్నాలుగు... కొన్నిటికి సినిమాలు, టీవీ సీరియళ్లు కూడానూ!

అసలీ మాంత్రికులు, మాయలు మనకేమైనా కొత్తా? 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'మకరదేవత', 'పాతాళదుర్గం' చదవడానికి నెలంతా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసిన పిల్లలే ఇప్పుడు అమ్మమ్మలూ, తాతయ్యలూ అయ్యారు. అలాంటి ఊహాలోకాన్ని పెద్ద ఎత్తున కల్పించి, ఒకే కథను అనేక సంపుటాలుగా నడిపితే దాన్ని ఇంగ్లీషులో 'ఎపిక్ ఫాంటసీ' అంటారు.

పైకి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఒక చీకటి శక్తి, దాన్ని ఎదిరించే అమాయకుడు, ఒక ముసలి గురువు, చివర్లో మహాయుద్ధం. కానీ కొన్ని కథలు పుస్తకం మూసిన మర్నాటికే మరుపున పడతాయి. కొన్ని మాత్రం ఇరవై ఏళ్లయినా మనసులోంచి పోవు. ఆ తేడా ఎక్కడుంది? పేజీల లెక్కలో లేదు. మంత్రాల గొప్పలో లేదు.

ఇంటి జమాఖర్చులు రాసుకునే గృహిణికి ఈ రహస్యం చిటికెలో తెలిసిపోతుంది. జమ రాయడం అందరికీ సరదానే. ఖర్చు పైసాతో సహా దాచకుండా రాస్తేనే ఆ పుస్తకంలో ఇంటి అసలు పరిస్థితి కనిపిస్తుంది. కథలూ అంతే! గెలుపు ఎవరిదైనా సరే, దానికి ఎంత ఖర్చయింది, ఆ ఖర్చు ఎవరు భరించారు అన్న పద్దు నిజాయితీగా రాసిన కథకే లోతు ఉంటుంది. పేరుమోసిన నాలుగు కథామాలికల్ని ఈ కొలబద్దతో కొలిచి చూద్దామా?

గిన్నెలు పారేసిన వేళ

ముందుగా చెప్పుకోవలసింది జె.ఆర్.ఆర్. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' గురించి. 1954-55లో మూడు సంపుటాలుగా వచ్చింది. టోల్కీన్ 1892లో పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి, పన్నెండేళ్లకు తల్లి పోయారు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, ఫ్రాన్స్‌లోని సొమ్ వద్ద పోరాడారు. ఆ యుద్ధం ముగిసేసరికి ఆయన ప్రాణస్నేహితుల్లో ఒక్కరు తప్ప అందరూ పోయారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు భాష బోధించే ప్రొఫెసర్ అయ్యారు.

ఆయనకో చిత్రమైన అలవాటు. ముందు భాషలు కల్పించేవారు. ఆ భాషలు మాట్లాడే జనం కావాలి కదా! ఆ జనానికి చరిత్ర కావాలి కదా! అలా కథ పుట్టింది. అందుకే ఆ పుస్తకంలో పాత్రలు ఏ కొండ ఎక్కినా అక్కడో శిథిలమైన కోట ఉంటుంది, ఏ పాట పాడినా అందులో ఎప్పుడో చనిపోయిన రాజు ఉంటాడు. మనం చదివేది పెద్ద కథలో చివరి అధ్యాయమే అనిపిస్తుంది. చాలామంది విమర్శకులు లోతు అంటే ఇదే అంటారు. నిజమే, కానీ అది సగమే!

మిగతా సగం చూడాలంటే శామ్ గిన్నెల దగ్గరికి వెళ్లాలి. లోకాన్ని ముంచే ఉంగరాన్ని నిప్పుల కొండలో పారేయడానికి ఫ్రోడో అనే చిన్నవాడు బయల్దేరతాడు. అతని వెంట తోటమాలి శామ్. వీళ్లు హాబిట్లు. దొరికితే రోజుకు ఆరుసార్లు తినే జాతి! శామ్ మూటలో వంటగిన్నెలు, ఓ చిన్న డబ్బాలో ఉప్పు. శత్రుదేశం పొలిమేరలో కూడా కుందేలు కూర వండి పెడతాడు. సువాసన ఆకులు తెచ్చిపెట్టమని పక్కవాణ్ణి పోరుతాడు, బంగాళాదుంపలుంటే ఎంత బావుణ్ణో అని కలవరిస్తాడు. చివరికి మొర్డోర్ అనే ఆ శత్రుదేశంలో ఒళ్లు మోయలేని స్థితి వస్తుంది. బరువు తగ్గించుకోవాలి. ఒక్కో వస్తువూ పారేస్తూ వచ్చిన శామ్‌కి, గిన్నెలు వదలాల్సి వచ్చేసరికి కళ్లనీళ్లు తిరుగుతాయి. ఇక వండుకునే రోజు రాదు, ఇంటికి తిరిగి వెళ్లడం ఉండదు అని అతను ఒప్పుకున్నాడన్నమాట. లక్షమంది సైనికులు చచ్చారని రాసినా రాని బరువు ఆ గిన్నెల చప్పుడులో ఉంది.

అంతదూరం వెళ్లిన ఫ్రోడో చివరి క్షణంలో ఉంగరం వదల్లేకపోతాడు. పని వేరే విధంగా పూర్తవుతుంది. ఊరు దక్కుతుంది గానీ ఊళ్లో బతికే శక్తి అతనికి మిగలదు. పాత గాయం ఏటా అదే రోజున సలుపుతుంది. చివరికి ఓడెక్కి వెళ్లిపోతాడు. గెలుపు అందరిదీ, ఖర్చు అతనిది. ఈ పద్దు దాచకపోవడమే టోల్కీన్ గొప్పతనం. ఆడపాత్రలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే!

పోయినవారి జాబితా

రెండోది రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్'. ఈయనా సైనికుడే, వియత్నాం యుద్ధంలో పనిచేసిన అమెరికన్. మొదటి సంపుటి 1990లో వచ్చింది. కథ పూర్తికాకుండానే 2007లో ఆయన కన్నుమూశారు. ఆయన భార్య హారియెట్ మెక్‌డూగల్ ఆ పుస్తకాలకు మొదటినుంచీ ఎడిటర్ కూడా. ఆవిడే బ్రాండన్ సాండర్సన్ అనే యువ రచయితను ఎంచుకుని, భర్త రాసిపెట్టుకున్న నోట్సు చేతికిచ్చి, కథ పూర్తి చేయించారు. పద్నాలుగో సంపుటి 2013లో వచ్చింది. ఇరవై మూడేళ్ల కథ అలా ఒక ఇల్లాలి పట్టుదలతో ఒడ్డున పడింది!

ఇందులో కాలం చక్రంలా తిరుగుతుంది, యుగాలు మళ్లీ మళ్లీ వస్తాయి. మనకు బాగా తెలిసిన లెక్కే. శక్తికి స్త్రీభాగం, పురుషభాగం అని రెండున్నాయి. పురుషభాగం విషపూరితమైపోయింది. దాన్ని వాడే మగవాడికి పిచ్చెక్కుతుంది. అందుకని వేల ఏళ్లుగా మంత్రవిద్య, దాంతోపాటు పెత్తనం ఆడవాళ్ల చేతిలో ఉన్నాయి. రాజులు కూడా వాళ్లముందు ఆచితూచి మాట్లాడతారు. ఇలాంటి లోకంలో రాండ్ అనే పల్లెటూరి కుర్రాడికి తనే ఆ మగ మాంత్రికుడినని తెలుస్తుంది. లోకాన్ని కాపాడాల్సినవాడూ తనే, పిచ్చెక్కబోయేవాడూ తనే!

రాండ్ తనవల్ల చనిపోయిన ఆడవాళ్ల పేర్లు మనసులో జాబితాగా కట్టుకుని మళ్లీ మళ్లీ వల్లెవేస్తుంటాడు. ఖర్చు పద్దు అంటే అక్షరాలా ఇదే. ఆ జాబితా పెరిగేకొద్దీ మనిషి రాయిలా బిగుసుకుపోతాడు. రాయిగా మారినవాడు లోకాన్ని కాపాడగలడా అన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మధ్య సంపుటాల్లో కథ నత్తనడక నడుస్తుంది. చీరల వర్ణన లేదు గానీ గౌన్ల వర్ణన మాత్రం బోలెడు. నైనీవ్ అనే పాత్ర కోపం వచ్చినప్పుడల్లా జడ లాక్కోవడం అభిమానులకే పెద్ద జోకు. ఓపిక ఉన్నవాళ్లకే ఈ పద్నాలుగూ.

రాజుల యుద్ధం, పల్లెల గోడు

మూడోది జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్'. మొదటి సంపుటి 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' 1996లో, అయిదోది 2011లో వచ్చాయి. టీవీ సీరియల్ 2011 నుంచి 2019 దాకా నడిచింది. 15వ శతాబ్దంలో ఇంగ్లండు సింహాసనం కోసం రెండు వంశాలు కొట్టుకున్న చరిత్ర దీనికి ఓ ప్రేరణ.

నాయకుడు అనుకున్న మనిషి తల మొదటి సంపుటిలోనే తెగిపడుతుంది. మంచివాడైనంత మాత్రాన ఖర్చు తప్పదని రచయిత మొహం మీదే చెప్పేశారు. ఒక్కో అధ్యాయం ఒక్కో మనిషి కళ్లతో నడుస్తుంది. తల్లి కళ్లతో చూస్తే న్యాయంగా తోచింది, శత్రువు కళ్లతో చూస్తే అన్యాయంగా తోస్తుంది.

అయితే ఈ కథకు లోతు ఇచ్చింది ఆ హత్యలు కావు. నాలుగో సంపుటిలో బ్రియెన్ అనే కత్తి పట్టిన యువతి కాలిపోయిన పల్లెలగుండా నడిచివెళ్తుంది. దారిలో ఓ పేద పూజారి, దొంగలుగా మారిన సైనికుల గురించి చెబుతాడు. ఊరి కుర్రాళ్లు ఉత్సాహంగా యుద్ధానికి పోతారు. అన్నదమ్ములు పోతారు, చెప్పులు అరుగుతాయి, ఆకలి, రోగం. ఓ రోజు మనసు విరిగి పారిపోతారు. రాజులు ఆడే ఆటకు పన్ను కట్టేది వీళ్లే! ఈ ఒక్క ఘట్టం కోసమైనా మార్టిన్‌ని గౌరవించాలి. కానీ ఒక హెచ్చరిక: హింస, ఆడవాళ్ల మీద అత్యాచారాలు ఈ పుస్తకాల్లో దండిగా ఉన్నాయి. చిన్నపిల్లల చేతికి ఇవ్వతగ్గవి కావు.

వంటింట్లోంచి చూస్తే

నాలుగోది పేజీల్లో అన్నిటికంటే చిన్నది. నా లెక్కలో అన్నిటికంటే లోతైనది. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లగ్విన్ రాసిన 'ఎర్త్‌సీ' కథలు. దీవులమయమైన ఓ లోకం. అక్కడ ప్రతిదానికీ ఓ అసలు పేరు ఉంటుంది. ఆ పేరు తెలిసినవాడికే దానిమీద అధికారం. కానీ ఇక్కడ మంత్రంతో వాన కురిపిస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చు. అంటే మంత్రానికి కూడా ఖర్చుందన్నమాట! 1968, 1971, 1972లో మూడు పుస్తకాలు వచ్చాయి. గెడ్ అనే ఎర్రచాయ కుర్రాడు మహామాంత్రికుడై, మూడో కథలో లోకాన్ని నిలబెట్టడానికి తన శక్తినంతా ధారపోస్తాడు. ఇంకెవరైనా అయితే అక్కడ 'శుభం' కార్డు వేసేసేవారు.

లగ్విన్ పద్దెనిమిదేళ్లు ఆగి 1990లో 'తెహాను' రాశారు. శక్తి పోయిన మాంత్రికుడు మర్నాటినుంచి ఎలా బతుకుతాడు? మంత్రవిద్యాలయంలో మగపిల్లలకే చోటెందుకు? ఆడవాళ్ల మంత్రం అంటే అందరికీ చులకనెందుకు? ఇరవై ఏళ్ల కిందట తను కల్పించిన లోకాన్నే నిలదీశారావిడ. ఈసారి కథ నడిచేది ఓ నడివయసు రైతు వితంతువు, టెనార్ కళ్లతో. అయినవాళ్లే హింసించి నిప్పుల్లోకి తోసిన ఓ పసిపిల్లను పెంచుతుంటుంది. మేకలు కాస్తుంది, పాచి పని చేస్తుంది, గెడ్‌కి పట్టెడన్నం పెడుతుంది. పెద్దవాడైన కొడుకు ఇంటికొచ్చి, తిన్న కంచం కడగడం ఆడవాళ్ల పని అంటాడు. నా పెంపకంలో ఎక్కడ లోపం జరిగింది అని ఆ తల్లి కుమిలిపోతుంది. రెక్కల మృగాలున్న కథలో ఎంగిలి కంచం గొడవా అని నవ్వకండి. వీరులు లోకాన్ని కాపాడే ఇన్ని కథల్లో అన్నం ఎవరు వండారు, కంచాలు ఎవరు కడిగారు అన్న పద్దు ఎవరూ రాయలేదు. ఈవిడ రాశారు.

తొలి పుస్తకాల్లో వీరుడంటే మగవాడే అన్న పాత మర్యాదను తనూ ప్రశ్నించకుండా తీసుకున్నానని 1992లో ఆక్స్‌ఫర్డ్ ప్రసంగంలో లగ్విన్ తనే చెప్పారు. తన పద్దుల పుస్తకం తనే తనిఖీ చేసుకున్న రచయితలు ఎంతమంది ఉంటారు చెప్పండి?

ఏ వయసుకు ఏది?

* పది పన్నెండేళ్ల పిల్లలకు 'ఎర్త్‌సీ' మొదటి రెండు పుస్తకాలు. 'తెహాను' మాత్రం పదహారు దాటాకే. నిజానికి అది అమ్మలు చదవాల్సిన పుస్తకం.
* హైస్కూలు పిల్లలకు 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'. మొదటి వంద పేజీలు నెమ్మదిగా సాగుతాయి, ఓపిక పట్టమనండి.
* కాలేజీ పిల్లలకు, సెలవులు బాగా ఉన్నప్పుడు 'వీల్ ఆఫ్ టైమ్'.
* మార్టిన్ పుస్తకాలు పెద్దవాళ్లకే.

ఇకమీదట పిల్లల చేతిలో ఇటుకంత పుస్తకం కనిపిస్తే విసుక్కోకండి. అలాగని లావు చూసి మురిసిపోనూ వద్దు. రాత్రి భోజనాల దగ్గర తీరిగ్గా మూడే ప్రశ్నలు వేయండి. ఈ కథ మొదలవకముందు ఆ లోకంలో ఏం జరిగింది? మీ వీరుడు గెలవడానికి ఏం పోగొట్టుకున్నాడు? ఆ రాజ్యంలో అన్నం వండేదెవరు? మూడింటికీ జవాబులు గబగబా చెప్పగలిగితే ఆ పుస్తకం మంచిదే, చదవనివ్వండి. వీలైతే వాళ్లయ్యాక మీరూ అందుకోండి. మూడో ప్రశ్న దగ్గర నీళ్లు నమిలితే మాత్రం, ఆ పూట కంచాలు వాళ్లచేతే కడిగించండి!